పాత టీవీ మార్చే ముందు

మా ఇన్సేన్‌లో కరెంటు వంతుల వారీగా వస్తుంది. పోయిన కరెంటు తిరిగి రాగానే వీధిలో పిల్లలందరూ "మీ లా బ్యీ!" అని ఒక్కసారిగా అరుస్తారు. కరెంటొచ్చింది అని బర్మా భాషలో ఆ కేక. మా పిల్లలిద్దరూ కూడా ఆ కేక వేసి టీవీ రిమోట్ కోసం పరిగెడతారు. వాళ్ళ వెనకే గోడ పట్టుకుని నెమ్మదిగా మా అత్తయ్య వచ్చి తన కుర్చీలో కూర్చుంటారు.

ఆ టీవీ మా పెళ్ళయిన ఏడాది, 2014లో కొన్నది. 32 అంగుళాలు. పదేళ్ళు నిండాక దాన్ని మార్చాలా వద్దా అని మా ఇంట్లో రెండు నెలలు చర్చ నడిచింది. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే చర్చ జరిగి ఉంటుంది, లేదా జరగబోతుంది. మేం ఏ లెక్కలు వేసుకున్నామో, ఎక్కడ పొరపాటు పడబోయామో రాస్తే ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు నా గురించి రెండు మాటలు. మాది విశాఖపట్నం బర్మా క్యాంపు. మా తాతగారి వాళ్ళు 1960లలో రంగూన్ వదిలి ఓడెక్కి వచ్చేసిన కుటుంబాల్లో ఒకటి. అత్తయ్య వాళ్ళు రాలేదు. ఆవిడ తాతగారికి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పని. ఉద్యోగం వదులుకోలేక ఉండిపోయారు. ఆ పాత చుట్టరికంతోనే నేను కోడలిగా ఇక్కడికి వచ్చాను. చదివింది బీఎస్సీ ఫిజిక్స్. పెళ్ళయ్యాక ఆ చదువు కుక్కర్ ఈలలు లెక్కపెట్టడానికే సరిపోయింది అనుకునేదాన్ని. టీవీ పుణ్యమా అని మళ్ళీ కాగితం, పెన్సిలు తీశాను.

ముగ్గురివి మూడు ఫిర్యాదులు

2024 జూన్‌లో టీ20 ప్రపంచకప్ జరిగింది. ఇక్కడి టైము ఇండియా కంటే గంట ముందు. అంటే అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలయ్యే మ్యాచ్ మాకు తొమ్మిదికి. జూన్ 29న ఇండియా కప్పు గెలిచేసరికి మాకు అర్ధరాత్రి దాటింది. ఆ ఆనందంలోనే మా ఆయన తేల్చేశారు. "బంతి సరిగ్గా కనబడి చావట్లేదు. 55 అంగుళాల ఫోర్‌కే టీవీ కొనేద్దాం."

పిల్లల ఫిర్యాదు వేరు. టీవీలో ఉన్న యూట్యూబ్ యాప్ తెరుచుకోవడం మానేసింది. నా ఫోన్ కోసం ఇద్దరూ కొట్టుకుంటున్నారు.

అత్తయ్యది మూడో ఫిర్యాదు. "ఏటమ్మా ఈ టీవీ, బొమ్మంతా ఎలిసిపోనట్టుంది. పాతదైపోనాది, మార్చీండి" అని.

ముగ్గురూ మార్చమనే అన్నారు కాబట్టి మార్చాల్సిందే అనుకుని ఒక ఆదివారం షాపుకి వెళ్ళాం. అక్కడ వరసగా పెట్టిన టీవీల్లో పూలు, చిలకలు, సముద్రం. కళ్ళు చెదిరిపోయాయి. అయితే ఒకటి గమనించాను. ఒక్క టీవీలో కూడా మామూలు సీరియల్‌గానీ, వార్తలుగానీ నడవడం లేదు. షాపుల్లో చూపించేవి దాని కోసమే తీసిన వీడియోలు. పైగా వెలుగు, రంగు బాగా పెంచి పెడతారు. పట్టుచీర షాపులో లైట్ల కింద చూసి, ఇంటికొచ్చాక ఇదేం రంగు అనుకుంటామే, అదే సంగతి. నేను ఒక తెలుగు సినిమా పాట పెట్టమన్నాను. పెట్టగానే ఆ చిలకల మెరుపు సగం పోయింది.

ఆ రోజు కొనకుండా వచ్చేశాం. మా ఆయన ముఖం మాడ్చుకున్నారు. నేను ఒక్కొక్క ఫిర్యాదునీ విడివిడిగా పట్టుకున్నాను.

ఎనిమిది అడుగుల లెక్క

మొదటిది బంతి కనబడని సంగతి. ఇందులో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి తెర ఎంత పెద్దది, రెండోది అందులో చుక్కలు ఎన్ని. చుక్కల్నే పిక్సెల్స్ అంటారు. మా పాత టీవీ హెచ్‌డీ రెడీ. అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు, మొత్తం పది లక్షల పైచిలుకు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080. మొత్తం ఇరవై లక్షల పైన. ఫోర్‌కే అంటే 3840, 2160. దగ్గర దగ్గర 83 లక్షలు.

చుక్కలు పెరిగితే బొమ్మ నాణ్యత పెరగాలి కదా అనిపిస్తుంది. కానీ చూసేది మన కన్ను. ఆరోగ్యంగా ఉన్న కన్ను పక్కపక్కనే ఉన్న రెండు చుక్కల్ని విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య కోణం ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఉండాలి. అంతకంటే దగ్గరైతే రెండూ కలిసి ఒకటిగానే కనిపిస్తాయి. దూరంగా కుప్ప పోసిన బియ్యంలో గింజలు విడిగా కనబడవు చూడండి, అలాగన్నమాట.

యాంగోన్‌లో పాత అపార్ట్‌మెంట్లు రైలు పెట్టెల్లా సన్నగా, పొడుగ్గా ఉంటాయి. మా హాలు కూడా అంతే. సోఫాకీ టీవీకీ మధ్య టేపుతో కొలిస్తే ఎనిమిది అడుగులు. ఆ దూరంలో కన్ను విడదీయగలిగిన చుక్క సైజు సుమారు 0.7 మిల్లీమీటర్లు. మా 32 అంగుళాల టీవీలో చుక్క సైజు 0.52 మిల్లీమీటర్లు. అంటే ఈ పాత టీవీలో ఉన్న చుక్కలే మా కళ్ళకి విడిగా ఆనడం లేదు. ఇదే సైజులో ఫోర్‌కే తెచ్చి పెట్టినా మాకు తేడా తెలియదు.

లెక్క చేసే ఓపిక లేనివాళ్ళకి ఒక సులువైన గుర్తు చెబుతాను. టీవీ అంగుళాల సంఖ్యని హెచ్‌డీ రెడీ అయితే 2.2తో, ఫుల్ హెచ్‌డీ అయితే ఒకటిన్నరతో, ఫోర్‌కే అయితే ముప్పావుతో గుణించండి. వచ్చిన అంగుళాల కంటే దూరంగా కూర్చుని చూస్తుంటే చుక్కలు చాలినట్టే. మా టీవీకి 32 ఇంటూ 2.2 అంటే 70 అంగుళాలు, ఆరడుగుల లోపు. మేం కూర్చునేది ఎనిమిది అడుగుల్లో. ఎనిమిది అడుగుల దూరానికి 60 అంగుళాల టీవీ వరకూ ఫుల్ హెచ్‌డీ సరిపోతుంది. మీ హాలు పెద్దదైతే ఆ లెక్క ఇంకా తేలిక.

అయితే మా ఆయన మాటలోనూ నిజముంది. ఆయనకి కావాల్సింది చుక్కలు కాదు, సైజు. తెర పెద్దదైతే బంతీ పెద్దదవుతుంది. ఆ కోరిక న్యాయమైనదే. కాకపోతే దానికి పేరు "ఫోర్‌కే" కాదు అని చెప్పాను.

ఇంకో మాట. ఫోర్‌కే టీవీ కొన్నంత మాత్రాన ఫోర్‌కే బొమ్మ రాదు. అది ఇంటర్నెట్‌లో రావాలి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు చెప్పే లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ వేగం చాలు, ఫోర్‌కేకి 15 ఉండాలి. డేటా కూడా గంటకి 7 జీబీ దాకా అవుతుంది. మా ఇంట్లో వాన గట్టిగా కురిస్తే నెట్ ఊపిరి పీల్చుకోవడమే కష్టం.

బ్యాటరీ లెక్క

ఇది మాలాగా కరెంటు కోతలున్న ఊళ్ళవాళ్ళకి. మిగతావాళ్ళు కరెంటు బిల్లు కోసం చదువుకోవచ్చు.

మా ఇన్వర్టర్‌కి ఉన్నది 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. గుణిస్తే 1200 వాట్ అవర్లు. కానీ ఈ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీని అడుగంటా వాడేస్తే త్వరగా పాడవుతుంది, సగంలో ఆపడం మంచిది. అంటే 600. ఇన్వర్టర్ తినేది పోగా చేతికొచ్చేది 500 అనుకోండి. టేబుల్ ఫ్యాన్‌కి 50, రెండు బల్బులకి 20, రౌటర్‌కి 10, పాత టీవీకి 40 వాట్లు. మొత్తం 120. ఆ బ్యాటరీ మీద నాలుగు గంటలు గడుస్తుంది.

షాపులో మేం చూసిన 55 అంగుళాల టీవీ వెనక లేబుల్ మీద 120 వాట్లని ఉంది. అది పెడితే మొత్తం 200 అవుతుంది. నాలుగు గంటలు కాస్తా రెండున్నర అవుతుంది. మిగతా గంటన్నర ఉక్కలో విసనకర్రే. 32 నుంచి 55కి వెళ్తే తెర వైశాల్యం దాదాపు మూడింతలు. అంత తెర వెనక వెలుగు నింపాలంటే కరెంటు తినక తప్పదు. అందుకే టీవీ ధర అడిగేటప్పుడు వాట్లు కూడా అడగండి.

అదే లేబుల్ మీద ఇంకొకటి చూడాలి. "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ఆ టీవీ ఏ దేశం కరెంటుకైనా తట్టుకుంటుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు. ఒక్క 110 లేదా 120 అని మాత్రమే ఉంటే 230 వోల్టుల దేశానికి తేవద్దు. దేశాలు మారే మనలాంటివాళ్ళకి ఇది ముఖ్యం. ఇండియాకి టీవీ మోసుకెళ్ళాలనుకునేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలకి కస్టమ్స్ సుంకం లేని సామాను సదుపాయం తీసేశారు. బయల్దేరే ముందు అప్పటి నిబంధన చూసుకోండి. చాలాసార్లు అక్కడ కొనడమే నయం.

మా అత్తయ్య దగ్గర టీవీ కబుర్లు చాలా ఉన్నాయి. బర్మాలో టీవీ 1980లో మొదలైంది, రంగుల్లోనే. ఇండియాలో రంగుల టీవీ వచ్చింది 1982లో. "మీకంటే మాకే ముందొచ్చింది రంగు" అని ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లోనే మొదలైందని నేను గుర్తుచేస్తే, "నలుపూ తెలుపే కదమ్మా" అని కొట్టిపారేస్తారు. అప్పట్లో బర్మాది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, ఇండియాది పాల్ పద్ధతి. ఇండియా నుంచి మామూలు సెట్టు తెస్తే ఇక్కడి ప్రసారం సరిగ్గా వచ్చేది కాదు. ఇప్పుడు పెట్టె తగిలించుకుని ఇంటర్నెట్‌లో చూసేవాళ్ళకి ఆ బాధ లేదు.

యాప్ పోతే టీవీ పోయినట్టు కాదు

రెండోది పిల్లల ఫిర్యాదు. స్మార్ట్ టీవీ అంటే టీవీలో ఒక చిన్న కంప్యూటర్ ఇరికించి ఇవ్వడం. తెర పదిహేనేళ్ళు పనిచేయొచ్చు, ఆ కంప్యూటర్ అయిదారేళ్ళకే ముసలిదైపోతుంది. యాప్‌లవాళ్ళు కొత్త పద్ధతికి మారినప్పుడల్లా పాత టీవీలు వెనకబడతాయి. 2015లో యూట్యూబ్ పాత పద్ధతి ఆపేసినప్పుడు 2012కి ముందు తయారైన చాలా టీవీల్లో ఆ యాప్ పోయింది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కూడా కొన్ని పాత మోడళ్ళకి సెలవు చెప్పింది. బొమ్మలో లోపం లేకపోయినా జనం ఆ టీవీలు పారేశారు.

దీనికి మందు టీవీ వెనక ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రం. అందులో పెట్టే స్టిక్‌గానీ, చిన్న పెట్టెగానీ కొంటే పాత టీవీకి కొత్త మెదడు పెట్టినట్టే. టీవీ ధరలో చిన్న వంతుకి దొరుకుతుంది. మేం అదే చేశాం. ఒక జాగ్రత్త చెప్పాలి. స్టిక్‌కి కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇస్తే చాలా పాత టీవీల్లో చాలదు. మాకు మొదటి రోజంతా ఆగి ఆగి నడిచింది. స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ గోడ ప్లగ్గుకి పెట్టాక తిన్నగా పనిచేసింది.

దీనివల్ల అనుకోని లాభం ఒకటి కలిగింది. రిమోట్‌లో మైకు ఉంది. తెలుగు సినిమా పేరు సరిగ్గా పలికితేగానీ అది వెతికిపెట్టదు. మా పాప బళ్ళో బర్మా, ఇంగ్లీషు మాట్లాడి వస్తుంది. "ళ" పలకడం దానికి రాదు. ఇప్పుడు రిమోట్‌తో పంతం పట్టి పలుకుతోంది.

పసుపు పచ్చ మాయాబజార్

ఇక అత్తయ్య ఫిర్యాదు. నిజానికి అన్నిటికంటే ముందు దీన్నే చూడాల్సింది. పెద్దవాళ్ళ మాట కదా, చాదస్తం అనుకుని చివరికి నెట్టేశాను.

పెట్టె తగిలించిన రాత్రి ఆవిడ కోసం మాయాబజార్ పెట్టాను. 1957 నాటి సినిమా. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. ఆ రోజు నేను పెట్టింది మాత్రం పాత నలుపు తెలుపు ప్రింటే. పది నిమిషాలు చూసి, "సూసినావా, సినిమా అంతా పసుపు నీళ్ళు జల్లినట్టుంది. టీవీ పోనాది" అన్నారు.

పాప వెంటనే, "తెల్లగానే ఉంది కదా నానమ్మా" అంది.

నాకు అక్కడ అనుమానం వచ్చింది. నలుపు తెలుపు సినిమాలో రంగే లేదు. పసుపు కనబడిందంటే ఆ పసుపు ఎక్కడిదో ఒకచోటిది అయి ఉండాలి. ముందు టీవీ సెట్టింగుల్లో వెచ్చని రంగు పెట్టి ఉందేమో చూశాను. లేదు. తర్వాత నా ఫోన్‌లో అదే సినిమా పెట్టి ఆవిడ చేతికిచ్చాను. అదీ పసుపుగానే ఉందన్నారు. రెండు తెరలూ ఒకేలా పాడవ్వవు కదా. తెల్ల కాగితం పట్టుకుని ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి చూడమన్నాను. కుడికన్నుతో చూస్తే కాగితం కొంచెం మాసినట్టుందన్నారు. ఎడమకన్నుతో చూసి, "ఇది కాయితమా, పాత పేపరా?" అన్నారు.

నేను డాక్టర్ని కాను. కానీ పాడైంది టీవీ కాదని ఆ రాత్రే అర్థమైంది.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. ఆవిడ బియ్యంలో రాళ్ళేరడం మానేసి ఏడాది దాటింది. సూదిలో దారం పాప చేత ఎక్కించుకుంటున్నారు. ప్రతి శుక్రవారం సర్క్యులర్ రైలెక్కి గుడికి వెళ్ళే మనిషి, మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేశారు. అసలు సంగతి ఇన్సేన్ స్టేషన్లో రైలు మెట్టు ఎక్కడుందో ఆవిడకి సరిగ్గా కనబడటం లేదు. చారులో రెండుసార్లు ఉప్పు వేస్తే నేను విసుక్కున్నాను కూడా. ఆ విసుగు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కంటి ఆసుపత్రిలో చూపిస్తే రెండు కళ్ళకీ శుక్లాలు అన్నారు. ఎడమది బాగా ముదిరింది. మన కంటిలో ఉండే కటకం వయసుతోపాటు పసుపు రంగుకి తిరిగి, మసకబారుతుంది. ముందుగా దెబ్బతినేది నీలం రంగు. పసుపు అద్దం నీలం వెలుగుని లోపలికి రానివ్వదు. అందుకే తెలుపు పసుపుగా, రంగులు వెలిసినట్టుగా కనిపిస్తాయి. ఎదురుగా వచ్చే లైట్ల చుట్టూ వెలుగు చిమ్ముతుంది. ఇది ఎంత నెమ్మదిగా జరుగుతుందంటే ఆ మనిషికే తెలియదు. లోకమే మాసిపోయిందనుకుంటారు, లేదా టీవీ పాడైందనుకుంటారు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకి కూడా ఇదే వచ్చి, 1923లో ఆపరేషన్ చేయించుకున్నాడు. రంగులతోనే బతికినవాడికే అలా జరిగితే మన అమ్మలకి, అత్తలకి తెలియకపోవడంలో వింతేముంది?

డబ్బు లెక్క చూసుకున్నాం. కొత్త టీవీకని పక్కన పెట్టింది ఒక కన్ను ఆపరేషన్‌కి సరిపోతుంది, ఇంకాస్త కూడబెడితే రెండోదీ అవుతుంది. అత్తయ్య ఒప్పుకోలేదు. "ఈ వయసులో నాకెందుకమ్మా ఆపరేషను. పిల్లలు ముచ్చటపడతన్నారు, టీవీ కొనండి" అన్నారు. అసలు భయం వేరు. ఆవిడ చిన్నప్పుడు చుట్టాల్లో ఎవరికో కంటి ఆపరేషనై, తల కదపకుండా రోజుల తరబడి పడుకోబెట్టి, ఆ తర్వాత చూపు రాలేదట. ఆ కాలం వేరని ఎంత చెప్పినా వినలేదు.

చివరికి మా ఆయనే వాళ్ళమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, పెద్ద టీవీ నేను కొన్నా నువ్వు చూసేది ఈ కళ్ళతోనే కదా" అన్నారు. 55 అంగుళాల కోసం రెండు నెలలు గొడవపడిన మనిషి ఆ మాట అనేసరికి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఎడమకంటికి ఆపరేషన్ అయింది. మసకబారిన కటకం తీసి, స్పష్టమైన కృత్రిమ కటకం పెట్టారు. అరగంటలో పని అయిపోయింది, అదే రోజు ఇంటికి పంపించేశారు. కొన్ని వారాలు చుక్కలు వేశాం, కంట్లో నీళ్ళు పడకుండా, కన్ను నలపకుండా చూసుకున్నాం. మన తెలుగువాళ్ళకి ఈ విషయంలో గర్వపడే సంగతి ఒకటుంది. హైదరాబాద్‌లో 1987లో మొదలైన పెద్ద కంటి ఆసుపత్రికి పేరు సినిమాలు తీసిన ఎల్.వి. ప్రసాద్ గారిది. బొమ్మ తీసిన మనిషి పేరు, బొమ్మ చూసే కంటికి చికిత్స చేసే చోట.

మరి ఎప్పుడు మార్చాలి?

టీవీ ఎప్పటికీ మార్చొద్దని కాదు నా మాట. మార్చాల్సిన వేళలుంటాయి. తెర పగిలినా, నిలువు గీతలు పడినా ప్యానెల్ మార్చడానికి అయ్యే ఖర్చుతో దాదాపు కొత్త టీవీ వస్తుంది. అప్పుడు బాగుచేయించడం దండగ.

మాట వినబడుతూ బొమ్మ రాకపోతే మాత్రం తొందరపడకండి. గది చీకటి చేసి, తెర మీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి. లోపల బొమ్మ లీలగా కదులుతుంటే పోయింది వెనక వెలుగిచ్చే ఎల్ఈడీ పట్టీ మాత్రమే. దాన్ని మార్చడానికి కొత్త టీవీ ఖర్చు కాదు. అసలు ఆన్ కాకపోతే పవర్ బోర్డులో లోపం కావచ్చు, అదీ బాగుచేసేదే. వెనక మూత మీరు తీయకండి, ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలవ ఉంటుంది. టీవీ కొత్తగా ఉన్నప్పుడే వెలుగు వందకి పెట్టకుండా తగ్గించి వాడితే ఆ పట్టీలు ఎక్కువ కాలం మన్నుతాయి. కోతలున్న ఊళ్ళో కరెంటు పోగానే టీవీ ప్లగ్గు తీసేసి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి పెట్టడం మా ఇంటి నియమం. వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీయే టీవీని ముంచేది.

హెచ్‌డీఎంఐ లేని పాత డబ్బా టీవీ అయితే మార్చేయొచ్చు. కానీ చెత్తలో పడేయకండి. ఆ గాజులో సీసం ఉంటుంది. పాత సామాన్లు తీసుకునే సంస్థకో, విడిభాగాలకి తీసుకునే మెకానిక్కుకో ఇవ్వండి. హాలు పెద్దదై, దూరంగా కూర్చుని, అక్షరాలు చదవలేకపోతుంటే పెద్ద సైజు కొనుక్కోవడమూ సబబే. అయితే ముందు ఇంట్లో అందరి కళ్ళూ చూపించాక.

మీకు ఒక్క మాట

మనలో చాలామంది అమ్మానాన్నలు ఇండియాలో ఉంటారు. వీడియో కాల్‌లో అమ్మ, "టీవీ సరిగ్గా రావట్లేదే, మసగ్గా ఉంది" అంటుంది. మనకి ఇక్కడ నుంచి చేతనైంది అదొక్కటే కాబట్టి, ఫోన్‌లోనే ఒక పెద్ద టీవీ ఆర్డరు పెట్టేసి వాళ్ళింటికి పంపిస్తాం. రుణం కొంచెం తీర్చుకున్నట్టు అనిపిస్తుంది. అమ్మ కూడా బాగుందనే అంటుంది.

ఈసారి ఆ మాట వింటే ముందు ఒక పని చేయించండి. తెల్ల కాగితం చేతికి తీసుకుని, ఒక్కో కన్ను మూసి చూడమనండి. రెండు కళ్ళకీ ఒకే తెలుపు కనబడుతోందా అని అడగండి. రాత్రిపూట లైట్లు చిమ్ముతున్నాయా, కళ్ళద్దాల నంబరు మాటిమాటికీ మారుతోందా అడగండి. టీవీ కింద వచ్చే వార్తల గీత వంకరగా కనబడుతోందంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పంపండి. అది శుక్లం కాకపోవచ్చు, రెటీనాకి సంబంధించింది కావచ్చు. షుగరు ఉన్నవాళ్ళకైతే ఏ ఫిర్యాదూ లేకపోయినా ఏడాదికోసారి కంటి పరీక్ష తప్పనిసరి. పక్కనే ఉండి, రోజూ అదే హాల్లో కూర్చుని కూడా నేను ఏడాది పాటు గమనించలేదు. దూరంగా ఉన్న మీరు అడిగితేనే తెలుస్తుంది.

కట్టు విప్పిన మర్నాడు అత్తయ్య హాల్లోకి వచ్చి ముందు తన చీర చూసుకున్నారు. తెల్లచీర ఇంత తెల్లగా ఉంటుందా అని చేత్తో తడిమారు. ఆ తర్వాత పైకప్పు మూల బూజు చూసి, "ఇల్లు దులిపి ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నారు. సాయంత్రం వీధిలో పిల్లలు "మీ లా బ్యీ" అని అరిచారు. అయిదు నిమిషాలాగి టీవీ పెట్టాను. అదే పాత టీవీ, అదే మాయాబజార్. ఆవిడ ఒక క్షణం చూసి కన్ను చిట్లించారు.

"ఇంత ఎలుగేటమ్మా, కొంచెం తగ్గించు."

రెండో కన్ను ఈ చలికాలంలో చేయిద్దామనుకుంటున్నాం. మా ఆయన 43 అంగుళాల టీవీ ధర అప్పుడప్పుడూ అడిగి వస్తున్నారు. నేనూ వద్దనడం లేదు, వాట్లు ఎన్నో కూడా అడిగి రమ్మంటున్నాను.